దేవుని మంచితనము, సంఘ పరిశుద్ధత

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసికొనుచోట, సాక్చి అను పల్లె యున్న ప్రదేశములో జంషెడ్‌పూర్ పట్టణము వెలసినది. 1911వ సంవత్సరము డిసెంబరు నెలలో అచ్చటి కొలిమి నుండి మొదటిసారిగా ఇనుము ప్రవహించెను. 1919లో జంషెట్జీ టాటా పేరిట ఆ స్థలమునకు ఇప్పటి నామము కలిగెను. శ్రీకాకుళము మొదలగు ఉత్తరాంధ్ర ప్రాంతముల నుండి బ్రదుకుదెరువుకై వెళ్లిన తెలుగువారు తరతరములుగా ఆ కర్మాగారములో పాటుపడుచు వచ్చిరి. వారిలో క్రైస్తవులు పరభాషల నడుమ తమ మాతృభాషలో దేవుని స్తుతించుటకు కూడుకొనిరి.

అట్టి పట్టణములో ఒక చిన్న సంఘమున్నదని తలంచుకొందము. దాని కోశాధికారి ముప్పది సంవత్సరములు నమ్మకముగా సేవచేసినవాడు. కుమార్తె వ్యాధి ముదిరిన దినములలో, మందిర నిర్మాణమునకు కూర్చిన కానుకలను ఎవరికిని తెలుపక వైద్యమునకు వాడుకొనెను. మరల చెల్లింపవలెననియే తలంచెను గాని, చెల్లింపక మునుపే సంగతి బయలుపడెను. పెద్దలు కూడుకొనిరి. "దేవుడు మంచివాడు, ఈ మాట ఇక్కడనే కప్పివేయుదము" అని కొందరనిరి. "దేవుడు పరిశుద్ధుడు, ఇతనిని వెలివేయుదము" అని కొందరనిరి.

ప్రియ చదువరీ, నీవు ఆ సభలో నుండినయెడల ఎవరి పక్షమున నిలుచుందువు?

ఇరుపక్షములవారును దేవుని గూర్చి సత్యమునే పలికిరి. అయినను ఒక్కొక్కరు సగము దేవునినే పట్టుకొనిరి. నిర్గమకాండము 33వ అధ్యాయములో, నీ మహిమను చూపుమని మోషే వేడుకొనగా, దేవుడు తన మంచితనమంతయు అతని యెదుట దాటిపోవునట్లు చేయుదునని వాగ్దానము చేసెను. ఆ మంచితనమే దాటిపోవుచుండగా మోషేను బండ సందులో దాచవలసి వచ్చెను. ఏలయన ఆ మంచితనము పరిశుద్ధమైనది. దేవునియందు ఈ రెండును వేరువేరు గదులలో నివసించుట లేదు. ఒకే అగ్ని వెలుగునిచ్చును, కాల్చును.

ఇనుప కొలిమిని చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. ఇనుప ఖనిజమును, కోకు బొగ్గును, సున్నపురాయిని పైనుండి వేసి, క్రిందనుండి వేడిగాలిని ఊదుదురు. మట్టి యున్నదని ఖనిజమును పారవేయరు. ఖనిజము విలువైనదని మట్టిని అందులోనే ఉండనియ్యరు. సున్నపురాయి ఖనిజముతోకూడ అదే మంటలోనికి దిగి, దానిలోని కల్మషమును తనతో కలుపుకొని, చిట్టెమై పైకి తేలును. ఇనుము అడుగున నిలుచును. మన ప్రభువు చేసినదియు ఇట్టిదే గదా! ఆయన ఒడ్డున నిలిచి మనలను అగ్నిలోనికి త్రోయలేదు. తానే దిగివచ్చి మన పాపమును తనమీద వేసికొనెను. సున్నపురాయి చిట్టెముగానే మిగిలిపోవును. ఆయనయైతే తిరిగి లేచెను.

కాబట్టి కోశాధికారి తప్పును కప్పివేయుట మంచితనము కాదు. తన చీరకొంగున ముడివేసికొన్న నాణెములను కానుకగా అర్పించిన విధవరాలికి అది అన్యాయము. రాత్రులు నిద్రలేక లోలోపల కుమిలిపోవుచున్న అతనికిని అది మేలు కాదు. ఒప్పుకొననిదే అతనికి విడుదల లేదు. వెలివేసి చేతులు కడుగుకొనుటయు పరిశుద్ధత కాదు. అది ఖనిజమును పారవేసి కొలిమిని శుభ్రముగా ఉంచుకొనుట వంటిది. పౌలు కొరింథు సంఘములో పాపమును సహింపలేదు. అయినను రెండవ పత్రికలో, శిక్ష పొందినవాడు అధిక దుఃఖములో మునిగిపోకుండునట్లు అతనిని క్షమించి ఆదరింపుడని వ్రాసెను. అతడు ఒప్పుకొనవలెను, బాధ్యతనుండి తప్పుకొనవలెను, కొంచెము కొంచెముగానైనను చెల్లింపవలెను. సంఘమో అతని ప్రక్కన కూర్చుండవలెను.

అయితే ఆ సభలో ఎవరును అడుగని ప్రశ్న యొకటి కలదు. ముప్పది సంవత్సరములు మనతో ప్రభువు బల్లలో పాలుపొందినవాడు, బిడ్డ మంచముపట్టినప్పుడు మనయొద్దకు వచ్చి సహాయమడుగుటకు ఎందుకు భయపడెను? తీసికొనుటకంటె అడుగుట కష్టమని అతనికి తోచినయెడల, మన మధ్య ఏదో చల్లబడియున్నది. అతని తప్పు అతనిదే. ఆ చల్లదనము మాత్రము మనది. పరిశుద్ధతను పరువు అని మనము భ్రమపడితిమేమో, మంచితనమును మర్యాదతో సరిపెట్టుకొంటిమేమో పరీక్షించుకొందము.

కొలిమిలోనికి పోవలసినది ఒక్క కోశాధికారియే కాదు, తీర్పుతీర్చ కూర్చున్న పెద్దలును అట్టి ఖనిజమే. యెషయా పెదవులకు తగిలిన నిప్పు అతనిని చంపలేదు, పవిత్రపరచెను. తన జనుల నడుమనే గాక తన పెదవులయందును అపవిత్రత కలదని అతడు ముందుగా ఒప్పుకొనెను. మన సంఘములలో ఆ ఒప్పుకోలు పెద్దల బల్లయొద్దనే మొదలగును గాక. అప్పుడు తప్పిపోయినవాడు భయపడి దాగుకొనక, భయభక్తులతో ఇంటికి తిరిగి వచ్చును.