పాఠంలో లేని బావి

పర్యావరణ శాస్త్రం క్లాసుకు బయటి మనిషిని పిలవడం మర్యాద కోసం చేసే పని అనుకుంటారు చాలామంది. నేను మాత్రం ఆ శాస్త్రానికి ప్రాణం అక్కడే ఉందంటాను. పుస్తకం ఎక్కడివాళ్ల కోసమైనా రాస్తారు. మన ఊరి బావి అందులో ఉండదు.

శాన్ హోజేలో మా ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో పర్యావరణ శాస్త్రం సాయంత్రం క్లాసులకు వెళ్తుంటాను. పగలంతా పని చేసుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. పంతొమ్మిదేళ్ల కుర్రాడి పక్క కుర్చీలో మనవలున్న పెద్దావిడ కూర్చుంటుంది. ఒకరోజు భూగర్భ జలాల పరీక్షల్లో జుట్టు నెరిసిన ఒకాయన వచ్చారు. బొటనవేలంత గాజు సీసా నిండా నీళ్లు పట్టి, మూత బిగించి, బోర్లించి చూపించారు. లోపల ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదట. ఉంటే నీళ్లలో కలిసిన ఫ్యాక్టరీ ద్రావకం ఆ బుడగలోకి ఆవిరైపోతుంది, ల్యాబులో లెక్క తగ్గి వస్తుంది. ఒక బుడగ వల్ల ఒక కాలనీకి తప్పుడు ధైర్యం చెప్పినట్టవుతుంది.

ఆ తర్వాత ఆయన చెప్పింది ఇక్కడి కథే. కంప్యూటర్ చిప్పుల పరిశ్రమకు పొగగొట్టాలు లేవు, తెల్ల గౌన్లు తొడుక్కున్న మనుషులు పనిచేస్తారు కాబట్టి ఇది శుభ్రమైన పరిశ్రమ అని అందరూ నమ్మారు. 1981లో దక్షిణ శాన్ హోజేలోని ఫెయిర్‌చైల్డ్ ఫ్యాక్టరీలో నేలలో పాతిన ట్యాంకు కారి, ద్రావకం దగ్గర్లోని తాగునీటి బావిలోకి చేరిందని బయటపడింది. మరుసటి ఏడాదే సిలికాన్ వ్యాలీ టాక్సిక్స్ కొయలిషన్ అనే ఉద్యమ సంస్థ పుట్టింది. వెతికేకొద్దీ అలాంటి చోట్లు బయటపడుతూ వచ్చాయి. శాన్ హోజే ఉన్న సాంటా క్లారా కౌంటీలో, శుద్ధి చేయాల్సిన కలుషిత స్థలాల సూపర్‌ఫండ్ జాబితాకెక్కినవి 23, అమెరికాలో మరే కౌంటీలోనూ లేనన్ని. మనవాళ్లు వేలమంది ఉద్యోగాలు చేసే మౌంటెన్ వ్యూలో, కొన్ని ఆఫీసుల కింది నీటిని ఇవాళ్టికీ తోడి శుద్ధి చేస్తూనే ఉన్నారు.

వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, "మా అమ్మ ఆ ఫ్యాక్టరీల్లోనే పనిచేసింది. ఆమె జబ్బుకు అదే కారణమా?" అని అడిగింది. ఆయన కాసేపు ఆగి, "నేను నీళ్లు కొలిచినవాణ్ణి తల్లీ, అది చెప్పగల మనిషిని కాను" అన్నట్టుగా ఇంగ్లిషులో అన్నారు. ఆ బావి నీళ్లు తాగిన లాస్ పాసియోస్ కాలనీలో గర్భస్రావాలు, పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువగా ఉన్నాయని రాష్ట్ర ఆరోగ్యశాఖ 1985లో తేల్చిందనీ, కానీ ఆ నీళ్లే కారణమని రుజువు చేయలేకపోయిందనీ కూడా చెప్పారు. తనకు తెలిసినదాని సరిహద్దు ఎక్కడుందో ఒక మనిషి ముఖాన చెప్పడం కష్టం. శాస్త్రం నేర్చుకోవడమంటే చాలావరకు ఆ సరిహద్దును గౌరవించడం నేర్చుకోవడమేనని నా నమ్మకం.

ఇక మన దేశం సంగతి. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశాల పుణ్యమా అని అక్కడ డిగ్రీ చదివే ప్రతివారికీ పర్యావరణం తప్పనిసరి సబ్జెక్టు. అంత గొప్ప అవకాశం చాలాచోట్ల పరీక్ష ముందు రాత్రి గైడు చూసి గట్టెక్కే పేపరుగా మిగిలింది. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఈ సంగతి ఆ చుట్టుపక్కల కాలేజీల పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

ఆ క్లాసులకు పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు ఒడ్డున పొలమున్న రైతును పిలవాలి. కాలుష్య నియంత్రణ మండలిలో శాంపిళ్లు పట్టి రిటైరైన ఉద్యోగిని పిలవాలి. మందుల ఫ్యాక్టరీ కెమిస్టు వస్తానంటే ఆయన్నీ పిలవాలి, ఆయన మాటా పూర్తిగా విననివ్వాలి. ఖర్చంటారా, దారి చార్జీలు, ఒక పూట భోజనం. శాలువా, పూలదండ, ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం మానేసి, ఆ సమయమంతా పిల్లల ప్రశ్నలకు వదిలేయాలి.