గర్భరక్షణము – మాతృరక్షణము

హిరణ్యకశిపుడు తపమున కేగిన వేళ ఇంద్రుడు, తెలుగువారు లీలావతి యని పిలుచుకొను కయాధువును చెఱబట్టి కొనిపోవుచుండెను. ఆమెకు పుట్టబోవు శిశువును తుదముట్టించుట ఆతని సంకల్పము. నారదమహర్షి అడ్డగించి ఆమెను విడిపించెను. అంతటితో తన పని తీఱినదని ఆయన తలపలేదు. ఆ గర్భిణిని తన ఆశ్రమమునకు తోడ్కొనిపోయి, భర్త మరలి వచ్చునందాక ఆశ్రయమిచ్చెను. ఇంద్రుని వారించిన మహర్షియే తల్లి భారమును గూడ వహించుట ఈ కథలోని ధర్మసూక్ష్మము.

భ్రూణహత్య మహాపాతకమని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. సుశ్రుతాచార్యుడును సజీవమైన శిశువును శస్త్రముతో చీల్చరాదని హెచ్చరించెను. అయినను వ్యాధి సహింపరానిదైనచో గర్భపతనమే మేలనియు, తల్లిని పోగొట్టుకొనరాదనియు, వైద్యుడు జాగుచేయరాదనియు చికిత్సాస్థానమున ఆయనయే పలికెను. పాపభీతి, కరుణ రెండును ఆ గ్రంథమున ప్రక్కప్రక్కనే యున్నవి.

1860 నాటి శిక్షాస్మృతి తల్లి ప్రాణరక్షణకు దక్క గర్భస్రావమును నేరముగా నెంచెను. శాంతిలాల్ షా సంఘము పరిశీలన పిదప 1971లో కొత్త చట్టము వచ్చెను. 2021 సవరణ ననుసరించి 20 వారముల వఱకు ఒక వైద్యుని అభిప్రాయము చాలును. అత్యాచారబాధితులు మొదలగు కొందఱికి 24 వారముల వఱకు ఇద్దఱు వైద్యుల అభిప్రాయము కావలెను. ఆపైన శిశువునకు తీవ్రవైకల్యమున్నచో వైద్యమండలి నిర్ణయించును. తల్లి ప్రాణము కాపాడుటకు తక్షణమవసరమైనచో ఈ గడువులు అడ్డురావు. వయోజనురాలి విషయమున ఆమె సమ్మతియే ప్రమాణము. ఆమె వివరములు వెల్లడించుట శిక్షార్హము.

అమెరికాలో 1973లో అత్యున్నత న్యాయస్థానము గుర్తించిన హక్కును 2022లో అదే న్యాయస్థానము త్రోసిపుచ్చగా, అచ్చట నిది ఎన్నికల వాదమైనది. అరకు కొండలలో మొదటి ప్రశ్న దూరము. రహదారి లేని గిరిశిఖర గ్రామములనుండి గర్భిణిని డోలీలో మోసికొని రావలసియున్నది. రక్తస్రావమైన తల్లికి ఆ ఆలస్యమే ప్రాణాంతకము. పరీక్ష ఆలస్యమైనచో చట్టపు గడువు దారిలోనే తీఱిపోవును. నిందకు వెఱచి దాచుకొన్న యువతి నాటుమందునకు లోబడి ప్రాణము మీదికి తెచ్చుకొనవచ్చును. ఇదే తూర్పు కనుమలలోని సాలూరున, కొండగ్రామముల గర్భిణులు ప్రసవమునకు ముందే వచ్చి యుండుటకు ప్రభుత్వము వసతిగృహము నేర్పఱచినది. నారదుని ఆశ్రమధర్మమునకు అది నేటి రూపము.

కావున గర్భము పవిత్రమని బోధించుటతో వైష్ణవుని కర్తవ్యము ముగియదు. డోలీకి భుజమిచ్చుట, ఆపదలో రక్తమిచ్చుట, ఒంటరి తల్లికి ఆశ్రయమిచ్చుట, ఆమెపై అపనింద వేయకుండుట ఆ బోధకు ఆచరణము. ఆశ్రయమీయని చేతికి తీర్పు చెప్పు అధికారము లేదు. కఠినమైన ఘడియలో నిర్ణయము ఆ తల్లిది, ధర్మమెఱిగిన వైద్యునిది, ఇరుగుపొరుగుది కాదు.

ఉత్తరాగర్భమున పరీక్షిత్తును కాచిన శ్రీకృష్ణపరమాత్మ కొండకోనల తల్లులను, బిడ్డలను కాపాడుగాక!