పాత గొర్రు, నేర్చుకున్న తృప్తి

వాక్యభాగం: ఫిలిప్పీయులకు 4:10–19, 1 సమూయేలు 13:19–22

అనంతపురం ప్రాంతపు మెట్టభూముల్లో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదనుకు పడుతుందన్న నమ్మకం లేదు. జూన్, జూలై నెలల్లో ఒక మంచి వాన కురిసి ఎర్రనేల పదునైతే, ఆ పదును ఆరకముందే వేరుశెనగ విత్తేయాలి. అప్పుడు ఊరందరిదీ ఒకటే తొందర కాబట్టి బాడుగ ట్రాక్టరు దొరకదు. ఇంట్లో విత్తనం వేసే పాత కొయ్య గొర్రు, కొట్టంలో జత ఎద్దులు ఉన్న రైతు మాత్రం ఎవరికోసమూ కాచుకోనక్కర్లేదు.

అయితే ఆ గొర్రు తనంతట తాను సిద్ధమైపోదు. వాన రాకముందే బయటికి తీసి చూసుకోవాలి. పగిలిన వెదురు గొట్టం మార్చాలి. విత్తనం పోసే జడ్డిగం రంధ్రాల్లో చేరిన మన్నూ సాలీడు గూళ్లూ పుల్లతో పొడిచి తీయాలి. అరిగిన కర్రులను కమ్మరి కొలిమిలో కాల్చి సాగదీయించాలి. ఒక్క గొట్టం పూడుకుపోతే ఆ సాలంతా విత్తనం పడదు. మొలకలు వచ్చాక గానీ ఆ సంగతి బయటపడదు. అందుకే జడ్డిగంలో విత్తనం వదిలే మనిషి చెయ్యి ఒకచోట ఉంటే, కన్ను గొట్టాల మీద ఉంటుంది.

ఉన్నదాంతో సరిపెట్టుకోవడమంటే చాలామంది చేతులు ముడుచుకు కూర్చోవడం అనుకుంటారు. ఉన్నదాన్ని పనికొచ్చేలా ఉంచుకోవడానికి ఎంత ఓపిక కావాలో ఆ రైతునడగాలి. పౌలు కూడా తృప్తిని నేర్చుకున్నాననే అన్నాడు. ఆ మాట రాసేటప్పుడు ఆయన సంకెళ్లలో ఉన్నాడు. కలిమినీ చూశాడు, ఆకలినీ చూశాడు, రెండింటిలోనూ నిలబడడం అలవరచుకున్నాడు. ఫిలిప్పీ సంఘంవారు ఎపఫ్రొదితు చేత సహాయం పంపితే వద్దనలేదు, సంతోషంగా అందుకున్నాడు. అది రాకపోయినా కుంగిపోయేవాడు కాడు. ఆయన ధైర్యం తనను బలపరచే క్రీస్తు మీద ఆనుకొని ఉంది.

అలాగని లేమిని తేలిక చేయనక్కర్లేదు. సౌలు కాలంలో ఇశ్రాయేలు దేశమంతటా ఒక్క కమ్మరీ లేడు. హెబ్రీయులు కత్తులూ ఈటెలూ చేయించుకుంటారేమోనని ఫిలిష్తీయులు అలా కట్టడి చేశారు. నాగటి కర్రు సాగదీయించుకోవాలన్నా, గొడ్డలికి సాన పట్టించుకోవాలన్నా సొమ్ము చేతపట్టుకొని శత్రువు ఊరికే వెళ్లాలి. ఆ అవమానాన్ని బైబిలు దాచిపెట్టలేదు. మన కొరతను కొరత అని చెప్పుకోవడం అవిశ్వాసం కాదు. మంచి పనిముట్టు కావాలని దేవుణ్ణి అడగడంలోనూ తప్పులేదు. గట్టు అవతల తిరిగే కొత్త ట్రాక్టరు మీదే చూపు నిలిచిపోయి, మన గొర్రు గొట్టం పూడుకుపోయిన సంగతి గమనించనప్పుడే చిక్కు. పక్కవాడికి ఉందని మోయలేని అప్పుకు వేలిముద్ర వేసేదీ అలాంటప్పుడే.

ఈరోజు మన చేతిలో ఉన్నది ట్రాక్టరా, కొడవలా, కుట్టుమిషనా అన్నది దేవునికి అడ్డం కాదు. దాన్ని శ్రద్ధగా చూసుకుంటున్నామా, దానితో దేవుడు పెట్టిన అన్నానికి ఆయన్ను స్తుతిస్తున్నామా అన్నదే మనం చూసుకోవలసింది.

నేటి ఆచరణ: పాతదని పక్కన పడేసిన పనిముట్టు ఒకటి తీసి బాగుచేద్దాం. అది ఇన్నాళ్లూ మన ఇంటికి చేసిన మేలును పిల్లలకు చెబుదాం.

ప్రార్థన: తండ్రీ, మా అవసరాలు మాకంటే నీకే బాగా తెలుసు. లేనిదాని కోసం దిగులుపడి ఉన్నదాన్ని పాడుచేసుకోకుండా మమ్మల్ని కాపాడు. ఈ సాగు కాలంలో మా చేతులకు బలాన్ని, మా పనిముట్ల మీద శ్రద్ధను, ఇరుగుపొరుగు పచ్చగా ఉంటే సంతోషించే మనసును దయచేయుము. అదనుకు వాన కురిపించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.