“ఏమియు లేదు” అని పంపివేసిన రాత్రి



ఒక ప్రశ్నను మీ యెదుట పెట్టుచున్నాను. ఆపద లేనప్పుడు ఆపద యని మొఱ్ఱపెట్టి, నడిరాత్రి పదిమందిని నిద్ర లేపినవాడు తప్పు చేసినవాడగునా? “నాన్నా, పులి” అను కథ విన్న మనము వెంటనే అగునని చెప్పుదుము. అయితే ఆ పిల్లవాడు పులి లేదని యెరిగియే అరచెను. పులి వచ్చినదని నిజముగా తలంచి అరచినవాని సంగతి ఆ కథలో లేదు. నేను అడుగుచున్నది వానిని గూర్చియే.

మిడుతూరువంటి ఊరిలో ఒక తల్లికి పేస్‌మేకరు పెట్టించి ఇంటికి తెచ్చిరనుకొనుడి. మొదటి వారములోనే ఒక రాత్రి గుండె దడదడలాడెను. కుమారుడు 108కి ఫోను చేసెను. కర్నూలు పెద్దాసుపత్రిలో ఇ.సి.జి. తీసి, “ఏమియు లేదు, ఇంటికి పొండి” అనిరి. పది దినములకు గాయమునొద్ద ఏదో లాగినట్లాయెను. మరల ప్రయాణము, మరల అదే మాట. మూడవసారి శనగ కోతల కాలము. ఇద్దరి కూలి పోయెను, ఆటోకు అప్పు చేసిరి. తిరిగి వచ్చుచు కుమారుడు, “ఏమీ లేదని చెప్పించుకొనేదానికేనా అమ్మా, ఇంత దూరం?” అనెను. వాడు చెడ్డవాడు కాడు, అలసినవాడు. కాని ఆ మాట విన్న తల్లి నాల్గవసారి నోరు తెరువదు. నన్ను భయపెట్టునది ఆమె గుండెదడ కాదు, ఆ మౌనమే.

ఈ పరికరము చేయు పనిని కొంచెము తెలిసికొందము. గుండె దినమునకు ఇంచుమించు లక్షసార్లు కొట్టుకొనును. కొట్టుకొనుమను విద్యుత్తు గుండె పైభాగమున పుట్టి క్రిందికి ప్రాకును. ఆ దారి తెగినయెడల గుండె మందగించును. మనిషి నడుచుచు నడుచుచు సొమ్మసిల్లి పడును. అప్పుడు డాక్టర్లు జత్రు ఎముక క్రింద, చర్మపు అడుగున చిన్న పెట్టెను అమర్చి, దాని తీగెను రక్తనాళము గుండ గుండెలోనికి పంపుదురు. గుండె తనంతట తాను కొట్టుకొనునంతవరకు పెట్టె ఊరకుండును. ఆలస్యమైనప్పుడు మాత్రమే తట్టి లేపును. ఎంత మంచి పనివాడో చూడుడి.

అయితే ఆ తీగె కొన గుండెలో కుదురుకొనుటకు కొన్ని వారములు పట్టును. అందుచేతనే ఆ వైపు చేతిని భుజమునకు పైగా ఎత్తవద్దనియు, బిందెలు మోయవద్దనియు చెప్పుదురు. తీగె జరుగుట, గాయములో రక్తము చేరుట, చీము పట్టుట మొదలగు చిక్కులు ఎక్కువగా ఈ తొలి దినములలోనే వచ్చును. సంవత్సరముల తరబడి మెల్లగా కొట్టుకొనిన గుండె త్వరగా కొట్టుకొనుట శరీరమునకు క్రొత్తగా తోచుటయు ఈ దినములలోనే. నిజమైన ఆపదయు వట్టి అలజడియు ఒకే నెలలో, ఒకే ముసుగు వేసికొని తలుపు తట్టుచుండగా, చదువురాని ఒక తల్లి వాటిని వేరుపరచలేకపోయినదని ఎవరు నిందింపగలరు? డాక్టరే యంత్రములు పెట్టి చూచిన తరువాత గదా “ఏమియు లేదు” అనెను! ఆ మాట కొరకే వారు వెళ్ళిరి. అది వట్టి చేతులతో తిరిగి వచ్చుట కాదు.

ఈ పరికరమును ఒంటిలో మొట్టమొదట పెట్టించుకొనిన మనుష్యుడు స్వీడను దేశస్థుడైన ఆర్నె లార్సన్. ఆయన దినమునకు అనేకసార్లు స్పృహ తప్పుచుండెను. ఆ పరికరము ఇంకను సిద్ధము కాలేదని వైద్యులు చెప్పినను ఆయన భార్య విడువక వేడుకొనెను. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోములో సెన్నింగ్ అను శస్త్రవైద్యుడు, ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజనీరు చేసిన పెట్టెను అమర్చెను. అది కొన్ని గంటలకే ఆగిపోయెను. తరువాత ఆయనకు 20కి పైగా పెట్టెలు మార్చిరి. ఎన్నిమార్లు ఆసుపత్రికి తిరిగెనో తలంచుడి. ఆయన 2001 వరకు బ్రదికెను. తనకు ఆ పెట్టెను చేసిన ఇంజనీరుకంటెను, అమర్చిన వైద్యునికంటెను ఎక్కువ కాలము. భార్య రెండవమారు అడుగుటకు సిగ్గుపడియుండినయెడల ఈ చరిత్ర ఉండెడిది కాదు.

ఇక్కడ మీలో ఒకరు, “మరి తక్కినవారి మాటేమి?” అందురు. న్యాయమైన ప్రశ్నయే. ఈమెను తీసికొనిపోయిన బండి, అదే గడియలో తలముడిపిలో పాము కరచినవానికి కావలసియుండవచ్చును. దీనిని నేను తేలికగా కొట్టివేయలేను. కాని ఎవరి ఆపద గొప్పదో తూచు పని ఆ రాత్రి ఆ తల్లికి అప్పగింపబడలేదు. ఆ పనికే ఫోనులో ప్రశ్నలడుగువారును, వార్డు వాకిట నాడి చూచువారును ఉన్నారు. ఆమెకున్న బాధ్యత వేరు: ఉన్నది ఉన్నట్లు చెప్పుట, దడను మూర్ఛ యని పెంచకుండుట, రక్తము కారుచున్నవానిని ముందు చూచినప్పుడు గొణుగకుండుట.

“విశ్వాసముంటే భయమెందుకమ్మా?” అను పెద్దలును సంఘములో లేకపోలేదు. నడిరాత్రి స్నేహితుని తలుపు తట్టి రొట్టెలడిగినవాని ఉపమానము వారు ఎన్నిమార్లో వినియున్నారు. వాడు తెల్లవారువరకు ఆగలేదని అక్కడ నిందింపబడెనా? భయపడినవారికి ఆ పెద్దలు చెప్పదగిన మాట ఒకటే: “పద, నేనును వచ్చెదను.”

భయమును తగ్గించుటకు గద్దింపుకంటె తెలిసికొనుట మేలు. జ్వరము, గాయము ఎఱ్ఱబడి వాచుట, చీము, సొమ్మసిల్లుట, ఊపిరాడకపోవుట, విడువని ఎక్కిళ్ళు, డాక్టరు చెప్పిన లెక్కకంటె నాడి తగ్గుట: వీటికి ఆలస్యము చేయరాదు. యంత్రమున్నది గదా యని ఛాతీనొప్పిని ఓర్చుకొనుట మరియొక పొరపాటు; ఈ పెట్టె గుండెపోటును ఆపలేదు. మిక్సీ, టీవీ, ఫ్యాను వలన భయము లేదు. సెల్‌ఫోనును మాత్రము రవికెలో దోపుకొనక జానెడు దూరమున ఉంచవలెను. గుడిలోని పెద్ద స్పీకరును ఆనుకొని కూర్చుండరాదు. వెల్డింగు జరుగుచోటికి పోరాదు.

నాడి చూచుట పదేండ్ల మనుమరాలికి కూడ నేర్పవచ్చును. బొటనవ్రేలి మొదట, మణికట్టుమీద రెండు వ్రేళ్ళుంచి, గడియారము చూచుచు ఒక నిమిషము లెక్కించిన చాలును. “జేజీ, డెబ్బది కొట్టుకొంటాండాది” అని ఆ పిల్ల చెప్పిన రాత్రులలో కొన్నింట బండి అక్కరలేకపోవును. అయినను ఆమె కన్నులలో భయము తీరనియెడల, ఆసుపత్రివారిచ్చిన పేస్‌మేకరు కార్డు, పాత ఇ.సి.జి. కాగితములు సంచిలో వేసికొని బయలుదేరుడి. దారిలో ఖర్చుమాట ఎత్తకుడి.