గాజు తొట్టిలో మత్స్యన్యాయం

మత్స్యన్యాయం అన్న మాట మనం రాజకీయాల గురించీ, వ్యాపారాల గురించీ తరచు వాడుతూంటాం. పెద్ద చేప చిన్న చేపని మింగడం లోకరీతి లెండి అని ఓ నిట్టూర్పు విడిచి, పేపరు మడిచి పక్కన పెట్టేస్తాం. కాని నిజంగానే ఓ పెద్ద చేపని కొనుక్కొచ్చి ముప్ఫై అయిదుమంది పిల్లల ఎదట పెట్టవలసివస్తే? అప్పుడా లోకరీతి కాస్తా మన బాధ్యత అయి కూర్చుంటుంది.

మా పక్క వాటాలో ఉండే టీచరమ్మాయికి సరిగ్గా ఇదే వచ్చిపడింది. ఆ అమ్మాయి ఆరో తరగతికి సైన్సు చెబుతుంది. క్లాసులో చేపల తొట్టి పెట్టుకోవడానికి హెడ్మిస్ట్రెస్ ఒప్పుకున్నారట. పిల్లలేమో గోల్డ్ ఫిష్ వద్దు, వేటాడే చేపే కావాలని పట్టుబట్టారు. తల్లిదండ్రుల మీటింగులో ఈ సంగతి రాగానే రెండు పక్షాలు తయారయ్యాయి. "పసివాళ్ళకి చంపడం చూపిస్తే మనసు మొద్దుబారిపోదూ?" అన్నారు ఓ తల్లి. "లోకం ఎలా ఉంటుందో ఇప్పటినుంచే తెలియనివ్వండి" అన్నారు ఓ తండ్రి.

"మీరేమంటారు పిన్నిగారూ?" అని నన్నడిగింది ఆ అమ్మాయి. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చిక్కంతా అక్కడే.

ముందు చేప సంగతి చూద్దాం. వేటాడే చేప క్రూరమైనదా? క్రూరత్వం అనాలంటే మరో దారి ఉండి కూడా, కావాలని ఇంకో ప్రాణిని బాధపెట్టాలి. చేపకి మరో దారి ఏదీ? దాని నోరూ, పళ్ళూ, పొట్టా ఆ తిండి కోసమే తయారయ్యాయి. మన చెరువుల్లోని కొర్రమీను కప్పపిల్లల్నీ, చిన్న చేపల్నీ మింగే బతుకుతుంది. అంతమాత్రాన దాన్నెవరూ దుర్మార్గురాలనలేదు. పైగా తెలంగాణవారు దాన్ని తమ రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు కూడాను. ఆకలికి పాపం అంటదు.

కాని చెరువు వేరు, తొట్టి వేరు. చెరువులో చిన్న చేపకి గుర్రపుడెక్క వేళ్ళున్నాయి, నాచు ఉంది, రాళ్ళ సందులున్నాయి, తోటి చేపల గుంపు ఉంది. పదిసార్లు తప్పించుకుని పదకొండోసారి దొరకచ్చు. వేట అంటే అదీ. గాజు తొట్టిలో ఎటు పరుగెత్తినా గోడే. అక్కడ చిన్న చేప చచ్చిపోతే అది పెద్ద చేప చేసిన వేట ఎలా అవుతుంది? ప్లాస్టిక్ సంచీ ముడి విప్పి దాన్ని లోపల వంపిన చేతిది ఆ పని.

ఆ అమ్మాయి ఇంతకుముందు పనిచేసిన ఓ బళ్ళో ఆస్కార్ అనే చేప ఉండేదట. శనివారం ఆఖరి పీరియడులో దానికి నాలుగైదు గప్పీలు వేసేవారు. పిల్లలు తొట్టి చుట్టూ మూగి లెక్కపెట్టేవారు. ఒక్కొక్కటి మాయమైనప్పుడల్లా చప్పట్లు. ఓ పిల్లవాడు మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నాడట. మిగతావాళ్ళు "పిరికివాడు, పిరికివాడు" అని ఏడిపించారు. మరుసటి శనివారం అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఆ పిల్లవాడేనట!

ఈ మాట విన్నాక ఆ గప్పీలకన్నా ఆ పిల్లవాడే నాకు ఎక్కువ గుర్తుండిపోయాడు. జాలి పడడం సిగ్గుపడవలసిన పని అని వాడికి ఒక్క వారంలో నేర్పేశారు. ఏ పాఠ్యపుస్తకమూ అంత త్వరగా నేర్పలేదు.

పోనీ, ఆ చేపకి బతికున్న తిండి తప్పనిసరా అంటే అదీ కాదు. ఆస్కార్ గుళికల మేతకీ, రొయ్య ముక్కలకీ చక్కగా అలవాటు పడుతుంది. మేతకని అమ్మే చిన్న చేపల వల్ల రోగాలు అంటుకునే ప్రమాదం ఉంది. అస్తమానూ గోల్డ్ ఫిష్‌లనే మేపితే, వాటి ఒంట్లో ఉండే ఓ పదార్థం బి-1 విటమిన్‌ని పాడుచేస్తుంది. అంటే చేప ఆకలి పేరు చెప్పి మనుషులు తీర్చుకున్నది తమ సరదా అన్నమాట.

అలాగని అన్నీ దాచెయ్యాలని కాదు సుమండీ. చేప తోమేటప్పుడు పిల్లల్ని "అవతలికి పొండి" అని కసురుతాం, పులుసు వడ్డించేటప్పుడు "ఇంకో ముక్క వేసుకో" అని బతిమాలుతాం. శాకాహారుల ఇళ్ళలోనైనా బియ్యంలో పురుగులు ఏరి పారెయ్యని వారెవరు? దోమలచుట్ట వెలిగించని ఇల్లేది? ఒక ప్రాణం ఇంకో ప్రాణం మీద ఆధారపడి ఉందన్నది పిల్లలకి తెలియాలి. కాని తెలుసుకోవడం వేరు, తమాషా చూడడం వేరు.

శతపథ బ్రాహ్మణంలో మనువు కథ ఉంది. చెయ్యి కడుక్కుంటూంటే ఓ చిన్న చేప ఆయన చేతిలో పడుతుంది. "చేపని చేప మింగుతుంది. చిన్నగా ఉన్నంతకాలం మాకు ప్రాణభయం. నన్ను కాపాడు" అంటుంది. ముందు కుండలో పెట్టమంటుంది. కుండ చాలకపోతే గొయ్యి తవ్వమంటుంది. అదీ చాలకపోతే సముద్రంలో వదలమంటుంది. మత్స్యన్యాయం నుంచి తప్పించడానికే ఆ కుండ! ఇంకో సంగతి చూశారా? చేప పెరిగిన కొద్దీ చోటు పెంచుతానని మాట ఇచ్చాకే మనువు దాన్ని ఇంటికి తెచ్చుకున్నట్టయింది.

చేపని ఎంచుకోవడంలో అసలు ధర్మమంతా ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. దుకాణంలో రెండంగుళాలున్న ఆస్కార్ పెరిగి అడుగు పొడుగవుతుంది. పదేళ్ళకి పైగా బతుకుతుంది. ముచ్చటపడి తెచ్చిన ఆరో తరగతి పిల్లలు కాలేజీలు దాటిపోయినా అది ఆ తొట్టిలోనే ఉంటుంది. మనువులా సముద్రంలో వదులుదామా అంటే ఈ రోజుల్లో అది పుణ్యం కాదు, అపకారం. 2023లో కాశ్మీరు దాల్ సరస్సులో మొసలి మూతిలాంటి మూతి గల అమెరికా చేప, ఎలిగేటర్ గార్, బయటపడింది. అలాంటి పరాయి వేటచేపలు చేరితే అక్కడి చేపలకే ముప్పు.

అందుకని ఆ అమ్మాయికి నేను ఫైటర్ చేప పేరు చెప్పాను. థాయిలాండు దేశపుది, మన వేలంత ఉంటుంది, రెండు మూడేళ్ళు బతుకుతుంది. అదీ వేటచేపే. ఒక్క మగచేప, దుకాణాల్లో పెట్టే బుల్లి సీసాలో కాకుండా ఇరవై లీటర్ల తొట్టి, రోజూ గుళికల మేత, ఎప్పుడైనా నాలుగు దోమపిల్లలు. నాలుగే సుమా, మిగిలినవి దోమలై హెడ్మిస్ట్రెస్ గారి గదికే వెళతాయి! ఏప్రిల్ చివర బడి మూస్తే జూన్ దాకా దాని పోషణ ఎవరిదో, ఆ పేరు కొనకముందే కాగితం మీద రాసి గోడకి అంటించమన్నాను.

"దోమపిల్లది మాత్రం ప్రాణం కాదా టీచర్?" అని ఏ పిల్లో అడక్కపోదు. అడగాలి కూడా. రంగుల తోక ఉన్నదానికి అయ్యో అంటాం, లేనిదాన్ని నలిపేస్తాం. మన జాలి అందచందాలు చూసి పుడుతుందని ఒప్పుకోక తప్పదు. "అదీ ప్రాణమే తల్లీ" అని చెప్పి, ఎందుకు వేస్తున్నామో చెప్పి, నవ్వకుండా వెయ్యడమే టీచరు చెయ్యగలిగింది.

ఈ ఫైటర్ చేపలో ఓ చిత్రం ఉంది. మగచేప నీటిమీద బుడగలతో గూడు కడుతుంది. గూట్లోంచి గుడ్డు జారితే నోటితో అందుకుని మళ్ళీ గూట్లో పెడుతుంది. దోమపిల్లని కరుచుకునే నోరే గుడ్డుని చితక్కుండా మోస్తుంది. అలాగని దాన్ని ధర్మరాజుని చెయ్యనక్కర్లేదు. పిల్లలు ఈదడం మొదలెట్టాక తండ్రిని వేరు చెయ్యకపోతే వాటినీ తినెయ్యచ్చు. దాని దయా దానికి తెలియదు, దాని వేటా దానికి తెలియదు. తెలిసింది తొట్టికి ఇవతల నిలబడ్డ మనకే.

మీ పిల్లల క్లాసులోనూ ఇలాంటి తొట్టి ఉంటే, సాయంత్రం బడినుంచి రాగానే చేప ఏం తిందని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఎవరైనా మొహం తిప్పుకున్నారా అని అడగండి. తిప్పుకున్నవాళ్ళని మిగతావాళ్ళు ఏమన్నారో కూడా అడగండి.