నీరు ఇంకిపోతే...

మానవుని స్వభావంలో ఒక వింత ఉంది. లేని వస్తువు కోసం రాత్రింబవళ్ళు దుఆ చేస్తాడు. అది దొరికి రోజూ చేతికి అందుతూ ఉంటే, ఇచ్చినవాణ్ణి మరచిపోతాడు. కొన్నాళ్ళకు దాన్ని తన హక్కుగా భావిస్తాడు. మరికొన్నాళ్ళకు అది తన తెలివితేటల ఫలితమే అంటాడు. ఆరోగ్యం, సంతానం, సంపద అన్నింటి విషయంలోనూ మన ఆలోచన ఇలాగే సాగుతుంది. నీటి విషయంలో ఈ మరపు ఎంత ప్రమాదకరమో తెలుగు నేల మీద నివసించే మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

మీట నొక్కితే మోటారు తిరుగుతుంది. కుళాయి విప్పితే నీళ్ళు వస్తాయి. ఈ నీళ్ళెక్కడివి అని ఎవరైనా అడిగితే 'మా బోరువి' అంటాం. కాని బోరు నీటిని పుట్టించదు. ఉన్న నీటిని పైకి లాగుతుంది, అంతే. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా ప్రాంతాల్లో భూమి అడుగున ఉన్నది గట్టి రాయి. వాన నీరు పైనున్న మెత్తని పొరలోకి దిగి, రాతి పగుళ్ళలో కొంచెం కొంచెంగా నిలుస్తుంది. ఆ పగుళ్ళను మనం చేయలేదు. వాటిని నింపే మేఘం మన ఆజ్ఞకు కట్టుబడి రాదు. అలాంటప్పుడు 'మా నీళ్ళు' అనే మాటలో మన వంతు ఎంత?

అల్లాహ్ ఆకాశం నుండి ఒక లెక్క ప్రకారం నీటిని కురిపించి, దాన్ని భూమిలో నిలిపి ఉంచుతున్నాడనీ, దాన్ని తీసుకుపోయే శక్తి కూడా ఆయనకు ఉందనీ దివ్య ఖుర్ఆన్ 'అల్ మూమినూన్' సూరా (23:18) మనకు తెలుపుతోంది. 'అల్ ముల్క్' సూరా చివరి ఆయతు (67:30) ఇదే విషయాన్ని ప్రశ్న రూపంలో మన ముందు ఉంచుతుంది. మన నీరు భూమి లోతుల్లోకి జారిపోతే, పారే నీటిని మనకు తెచ్చి ఇచ్చేదెవరు? మనలో ఎందరో ప్రతి రాత్రీ ఈ సూరాను పఠిస్తారు. కాని ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునేవారు ఎందరు?

అనంతపురం జిల్లాలో బోరు మీద బోరు వేసి, నీటి చుక్క పడక అప్పులపాలైన రైతులను అడిగితే ఈ ఆయతు భావం బాగా అర్థమవుతుంది. నల్లగొండ జిల్లాలో భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ దశాబ్దాల పాటు ఎందరి ఎముకలనో వంచివేసింది. నీరు ఉంది, కాని తాగితే రోగం. తాను తలచుకుంటే తాగే నీటిని చేదుగా మార్చగలనని అల్లాహ్ 'అల్ వాఖిఆ' సూరాలో (56:70) హెచ్చరించి, అయినా కృతజ్ఞత చూపరెందుకని అడుగుతున్నాడు.

'అల్ కహఫ్' సూరాలో (18:32-44) ఇద్దరు మనుషుల వృత్తాంతం ఉంది. ఒకతనికి రెండు ద్రాక్ష తోటలు, చుట్టూ ఖర్జూరపు చెట్లు, మధ్యలో పంట పొలాలు, పారే కాలువ. అతను తోటలోకి అడుగుపెట్టి, ఇది ఎన్నటికీ నశించదనుకున్నాడు. తోట నీరు ఇంకిపోతే మళ్ళీ వెదికి తెచ్చుకోలేవని మిత్రుడు హితవు చెప్పాడు. అతను వినలేదు. చివరకు తోట నాశనమైంది. పెట్టిన ఖర్చు తలచుకుని చేతులు నలుపుకోవడమే అతనికి మిగిలింది. తోట ఉండటం అతని తప్పు కాదు. అది ఎప్పటికీ తనదే అనుకోవడం తప్పు.

మనం కూడా అలాగే ఆలోచిస్తున్నాం. కరవు వస్తే ఊరంతా మైదానంలో చేరి ఇస్తిస్ఖా నమాజు చేస్తాం. చెరువులు నిండిన ఏడు ఆ మైదానం వైపు చూసేవారుండరు. పక్క రైతు మూడు వందల అడుగులు వేస్తే మనం ఐదు వందలు వేస్తాం. అతని బావి ఎండితే అది అతని తలరాత అంటాం. మంచినీటి బావుల దగ్గర ఇష్టానుసారం బోర్లు వేయరాదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే వాల్టా చట్టం చేశారు. కాని దైవభీతి లేని హృదయాన్ని చట్టం ఎంతవరకు ఆపగలదు?

దైవప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో వుజూ చేసేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ముద్ అంటే మామూలు మనిషి నిండు దోసిలి. లీటరుకు తక్కువే. మన మస్జిదుల్లో కుళాయి పూర్తిగా విప్పి, ముచ్చట్లాడుతూ వుజూ చేసేవారు ఎన్ని దోసిళ్ళు మోరీ పాలు చేస్తున్నారో లెక్క చూసుకోవాలి. ఆరాధన కోసం శుద్ధి పొందుతూనే దుబారా అనే పాపాన్ని మూటగట్టుకోవడం ఎంత విచారకరం!

తన అవసరానికి మించిన నీటిని ఇతరులకు ఇవ్వకుండా అడ్డుకున్న వ్యక్తిని ప్రళయదినాన అల్లాహ్ కన్నెత్తి చూడడని హదీసు తెలుపుతోంది. నీ చేతులు తయారుచేయని దాన్ని నీవు అడ్డుకున్నావు గనుక, ఈ రోజు నా అనుగ్రహాన్ని నీకు అడ్డుకుంటానని ఆయన అంటాడట. ఈ మాట వింటే విశ్వాసి గుండె వణకాలి. మదీనాలో రూమా బావిని సొంత ధనంతో కొని ప్రజలందరికీ అంకితం చేసిన హజ్రత్ ఉస్మాన్ (రజి) నీటిని ఏ దృష్టితో చూశారో కూడా గుర్తుంచుకోవాలి.

కృతజ్ఞత అంటే నోటితో 'అల్‌హందులిల్లాహ్' అనడం ఒక్కటే కాదు. కుళాయిని సగమే విప్పడం, వుజూ నీటిని మొక్కలకు మళ్ళించడం, వాన నీటికి ఇంటి ముందు ఇంకుడు గుంత తవ్వడం, వేసవిలో పొరుగువారి బిందె నింపడం, ఆ పొరుగువారు ఏ మతస్థులైనా సరే, ఇవన్నీ కృతజ్ఞతే. ఈ రోజు తాగే గ్లాసు నీళ్ళ ముందు ఒక్క క్షణం ఆగి, దీన్ని పంపినదెవరని మన మనసును మనమే అడుగుదాం.

అల్లాహ్ తన వరాలను గుర్తించే మనసునూ, వాటిని పంచుకునే చేతులనూ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.