బదనిక

సగిలేటి ఒడ్డున, గిద్దలూరుకు కూతవేటు దూరంలో ఒక అవ్వకు చిన్న మామిడితోట ఉండేది. చెట్ల మీద ఆమెకు ఎంత ప్రాణమో, బదనిక మీద అంత పగ. పిట్ట కొమ్మకు అంటించిపోయిన గింజ అక్కడే మొలిచి, వేరు బెరడు లోపలికి దించి, చెట్టు నీళ్లు తాగి బతికే మొక్క అది. పూత మీద ఉన్నప్పుడు చూడముచ్చటగానే ఉంటుంది. కూలికొచ్చిన కుర్రాడు పైన కనబడే గుబురు నరికేసి దిగితే అవ్వ వాణ్ణి మళ్లీ చెట్టెక్కించేది.

“పైది కొడితే ఏం లాభంరా? దాని వేరు కొమ్మ లోపల పాకుంటది. అంటుకున్న కాడికి జానెడు కిందికి కొట్టు.”

“కాయలున్న కొమ్మ అవ్వా!”

“కొమ్మ పోతే పోనీ. చెట్టుంటది.”

ఆ అవ్వ ఎడమకాలి పిక్క మీద ఒక కాలిన మచ్చ ఉంది. తొమ్మిదేళ్లప్పుడు సంక్రాంతికి అరిసెల పాకం ఒలికి పడిన గాయం. యాభై ఏళ్లకు పైగా ఆమె జోలికి రాని ఆ మచ్చ ఒక ఎండాకాలం నడిమధ్యలో పగిలింది. పసుపు అద్దింది. వేపాకు కట్టింది. ఎవరో చెప్పిన పసరు పోసింది. ఊళ్లో సూదులేసే ఆయన దగ్గర సూదులూ అయ్యాయి, పూతమందులూ అయ్యాయి. పుండు మానలేదు సరికదా అంచులు పైకి లేచి గట్టిపడ్డాయి, తాకితే నెత్తురు, కట్టు విప్పితే వాసన. ఎనిమిది నెలలు ఇట్లా గడిపాక మనవడు గుంటూరు రైలెక్కించాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరు పుండు చూసి, అంచున చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతామన్నాడు. అవ్వ కాలు వెనక్కి లాక్కుంది. కత్తి పెడితే పాకుద్దని ఊరంతా చెప్పి పంపింది మరి. “ఇన్నాళ్లూ కత్తి పెట్టలేదు కదమ్మా, మరి ఎందుకు పెరిగింది?” అన్నాడు డాక్టరు. దానికి ఆమె దగ్గర జవాబు లేదు. మత్తుసూది చురుక్కుమంది, ఆ తర్వాత లాగినట్టు తెలిసింది గానీ నొప్పి తెలియలేదు. వారం దాటాక కాగితం వచ్చింది: స్క్వామస్ సెల్ కార్సినోమా. చర్మ క్యాన్సరు.

ఆపరేషను ముందురోజు డాక్టరు పుండు చుట్టూ పెన్నుతో గీత గీశాడు. అవ్వ వంగి చూసుకుంది.

“పుండు ఇంతే కదా సారూ, మీరు గీసింది అరచెయ్యంత ఉంది!”

“చుట్టూ రెండు సెంటీమీటర్లు వదిలి కొయ్యాలమ్మా.”

“మంచి చర్మం గదా అది!”

మనవడు ఉండబట్టలేక అడిగాడు: “అవ్వా, బదనికను యాడికి కొట్టమంటావు నువ్వు?”

అవ్వ వాడి వంక కోపంగా చూసి మొహం తిప్పుకుంది. డాక్టరుకు అర్థం కాలేదు. మనవడు బదనిక సంగతంతా చెప్పాక నవ్వి, “జానెడు అక్కర్లేదు పెద్దమ్మా, రెండు సెంటీమీటర్లు చాలు” అన్నాడు. అవ్వ సంతకం బదులు వేలిముద్ర వేసింది.

గజ్జల్లో గడ్డలేమైనా ఉన్నాయేమోనని ముందే తడిమి చూశారు. లేవు. నడుముకు మత్తిచ్చారు. కాళ్లు మొద్దుబారిపోయాయి గానీ మనిషి మెలకువగానే ఉంది. తెర అవతల నర్సులు బదిలీల గురించి మాట్లాడుకోవడం కూడా వినబడుతూనే ఉంది. తీసిన ముక్క ఒక మూలకు నల్లదారంతో కుట్టు వేశారు, పరీక్ష చేసేవాళ్లకు ఏ అంచు ఏ పక్కదో తెలియడానికి. తొడ మీదనుంచి పల్చటి పొర తీసి పిక్క మీద పరిచి, కదలకుండా బిగించి కట్టారు.

తర్వాత ఐదురోజులు కాలు దిండు మీద ఎత్తిపెట్టి పడుకోవడమే. అవ్వకు ఆశ్చర్యమేమిటంటే, కోసిన పిక్క కంటే చర్మం తీసిన తొడే ఎక్కువ మండింది. ఐదో రోజు సెలైను పోసి తడుపుతూ పిక్క కట్టు విప్పారు. ఊదారంగు కలిసిన గులాబీ పొర, కిందికి అతుక్కుని, అక్కడక్కడ నెత్తురు చారలతో. “పట్టుకుంది” అన్నాడు డాక్టరు. ఒక చివర గోరంత మేర పట్టలేదు. అది కట్లతోనే మానిపోయింది. తొడ మీది కట్టును మాత్రం ఎవరూ విప్పలేదు. రెండు వారాలకు అదే ఎండి ఊడివచ్చింది.

ఆమె వార్డులో ఉన్నన్నాళ్లూ మార్కాపురం పలకల గనుల్లో పనిచేసిన పెద్దాయన ఒకాయన రోజూ పలకరించి పోయేవాడు. ముక్కు పక్కన ఉలవంత గడ్డ లేస్తే రెండేళ్ల కిందట ఎక్కడో తీయించుకున్నాడు. పది నిమిషాల పని, మూడు కుట్లు. తీసిన ముక్క ఏమైందని ఇప్పుడు అడిగితే, “ఏమో, బకెట్లో పడేశారు” అన్నాడు. గడ్డ మళ్లీ వచ్చింది, ఈసారి కంటి దిక్కుకు పాకుతూ. అప్పట్లో నాలుగు మిల్లీమీటర్ల అంచుతో పోయేదానికి ఇప్పుడు చెంప చర్మం తిప్పి ముక్కు మీద కప్పాలి.

అవ్వ కాగితం రెండు వారాలకు వచ్చింది. చుట్టూ ఏ అంచులోనూ లేదు, అడుగునా లేదు.

నీతి: కోయించుకుంటే మొదటిసారే అంచు దాటి కోయించుకోవాలి. దాటిందో లేదో కాగితం చూసి తెలుసుకోవాలి.

చెట్టుకూ మనిషికీ ఒక తేడా ఉంది. కొమ్మ నరికితే మరో కొమ్మ చిగురిస్తుంది, పిక్క మీద పోయిన చర్మం తొడ నుంచి రావాలి. అందుకే సర్జన్లు ఊరికే ఎక్కువ కొయ్యరు. ముఖం మీద నెమ్మదిగా పెరిగే చిన్న బేసల్ సెల్ క్యాన్సరుకు నాలుగైదు మిల్లీమీటర్ల అంచు సరిపోతుంది. మెలనోమాకు దాని లోతును బట్టి ఒకటి, రెండు సెంటీమీటర్లు. పాత కాలిన మచ్చలో పుట్టింది పొగరుమోతు రకం కనుక దానికీ ఎక్కువే వదులుతారు. ఇట్లా మచ్చలో లేచే పుండును 1828లో ఫ్రాన్సులో వర్ణించిన మార్జొలిన్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. కాలిన గాయానికీ క్యాన్సరుకూ మధ్య సగటున ముప్ఫై ఏళ్లు పడుతుందంటారు. పాకం ఒలికిన సంగతి ఇంటిల్లిపాదీ మరిచిపోయే కాలం అది.

నల్లటి ఒళ్లు మనది, చర్మ క్యాన్సరు తెల్లవాళ్ల జబ్బు అనుకోవడం మనకు అలవాటు. ఎండ వల్ల వచ్చేది మనలో తక్కువన్నది నిజమే. కానీ మచ్చలకూ అరికాళ్లకూ ఆ రక్షణ లేదు. కాశ్మీరంలో కాంగ్డీ నిప్పుకుండను ఒళ్లో పెట్టుకునేవాళ్లకు తొడల మీద, పొట్ట మీద వస్తుంది. ఏళ్ల తరబడి ఒకేచోట బిగించి కట్టిన లంగా బొందు కింద, పంచె ముడి కింద వచ్చిన కేసులను మన దేశపు డాక్టర్లే రాశారు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కాలివేలి గోరు కింద వచ్చింది. వేలు తీయించుకోవడానికి ఒప్పుకోలేదు. 1981లో, 36 ఏళ్లకే పోయాడు. ముందే తీసేస్తే బతికేవాడా అని ఇప్పుడు ఎవరు చెప్పగలరు? అయినా ఆ పేరు వినగానే నాకు కాయలున్న కొమ్మే గుర్తొస్తుంది.

అంచులో మిగిలి ఉందని కాగితం వస్తే మరో కోత తప్పదు. కొందరికి కరెంటు (రేడియేషన్) కూడా పెడతారు. రెండోసారి రమ్మన్నారంటే మొదటిది చెడగొట్టారని కాదు. కంటికి కనబడనిది మైక్రోస్కోపుకు కనబడిందని. ఆపరేషన్ల సంగతిలో నన్నడిగితే ఇదొక్కటే రోగికి అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట. మనవాళ్లు చాలామంది రెండోసారి అనగానే ఆసుపత్రి మార్చేస్తారు. పాత కాగితాలు పారేసి, కథ మొదటికి తెస్తారు.

అతికించిన చర్మం ఒంటి రంగులో కలవదు. కాస్త గుంటగా ఉంటుంది, చెమట పట్టదు, స్పర్శ సరిగా ఉండదు. కొబ్బరినూనె రాసుకుంటూ, ఎండకూ ముళ్లకూ తగలకుండా గుడ్డ చుట్టుకుని పొలం పోవచ్చు. బీడీ, చుట్ట తాగేవాళ్లకు అతుకు సరిగా పట్టదు, ఆపరేషనుకు ముందూ తర్వాతా మానాలి. గుండెకు నెత్తురు పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. కట్టు తడిసి నెత్తురు కారితే పావుగంట గట్టిగా అదిమి పట్టాలి. ఆగకపోతే, లేదా జ్వరమో చీమో కనబడితే వెంటనే వెళ్లాలి. మొదటి రెండేళ్లు మూణ్ణెల్లకో ఆరునెల్లకో పిలుస్తారు. పిలిచినప్పుడు మచ్చ ఒక్కటే చూపించి రాకూడదు. గజ్జలూ చంకలూ మెడా చూపించాలి, జబ్బు ముందు ఎక్కేది అక్కడికే.

గిద్దలూరు నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి గానీ కర్నూలుకు గానీ బయల్దేరేవాళ్లు సంచిలో ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు, వేసుకునే మాత్రల చీటీ పెట్టుకోవాలి. ప్రభుత్వ వైద్యసేవ పథకం కింద చూపించుకోవాలంటే ముందు ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి వెళ్లాలి. తోడు ఒక మనిషి తప్పనిసరి. వీలైతే అవ్వ మనవడిలాగా అడగాల్సింది అడిగేవాణ్ణి తీసుకెళ్లండి.